రెండో చరణంలో ఎవరిదో ఊపిరి

చెవుల విషయంలో నాతో పందానికి రాకండి. మా ఇంట్లో ఎవరు ఏ గదిలో తుమ్మినా, తలుపు మూసి ఉన్నా సరే, తుమ్మిందెవరో చెప్పేస్తాను. గుమ్మంలో చెప్పులు విడిచే చప్పుడును బట్టి, విడిచినవాళ్ళు ఎవరితో పోట్లాడి వచ్చారో కూడా చెప్పగలను. కుర్రతనంలో ఒక మహా గాయకుడి కచేరీకి వెళ్ళాను. ఆయన ఒక స్వరం ఎత్తుకుని ఎంతసేపు నిలబెట్టాడంటే, నున్నగా గడ్డం గీయించుకుని ముందు వరుసలో కూర్చున్న పెద్దమనుషులు మాసిన గడ్డాలతో లేచారు. మధ్యలో ఆయన దొంగచాటుగా ఒక్కసారి ఊపిరి పీల్చాడు. సభ మొత్తంలో అది పట్టుకున్నది నేనొక్కణ్ణే. కచేరీ అయ్యాక ఆయనే నా దగ్గరికొచ్చి, "ఎవరితోనూ అనకు నాయనా" అని గడ్డం పట్టుకుని బతిమాలాడు. పెద్దాయన అడిగాడు కదా అని ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

అలాంటి చెవులున్న ఇంట్లోనే ఈ ఊపిరి గొడవ పుట్టింది.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడిపోకుండా నాలుగు ముక్కలు చెప్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. మా అమ్మాయికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది స్టూడియోల్లో ట్రాక్ పాడుతుంది. పేరున్నవాళ్ళు వచ్చి పాడేలోపు, పాట ఎలా నడవాలో చూపించడానికి ముందుగా ఒకరు పాడి పెడతారు. అసలు గొంతు వచ్చాక ఈ గొంతు తీసేస్తారు. ఇల్లు లేచాక పరంజా విప్పేసినట్టన్నమాట. చిన్నదాన్ని ఇంట్లో పిచుక అంటాం. అది ఒకరోజు అక్కకు తోడుగా వెళ్ళి కంపెనీ యజమాని కంట్లో పడింది. ఆ కళ్ళు ఎలా ఉంటాయో ఎవరూ చూడలేదు, గదిలో కూడా నల్లద్దాలు తీయడు. మనకు ఆయన నల్లద్దాలాయనే. పిచుక పాడిన మొదటి పాటే ప్రతి దుకాణంలోనూ, ప్రతి ఫోన్లోనూ మోగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆ కంపెనీకి ఏళ్ళ తరబడి పాడిన పెద్ద గాయని పాడటం మానేసి, ఎవరికీ కనిపించకుండా పోయింది.

ఇంకేముంది! ఫోన్లలో వీడియోలు చేసే ఒక మహానుభావుడున్నాడు. లోకంలోని గుట్టులన్నీ తన జేబులోనే ఉన్నట్టు మాట్లాడతాడు కాబట్టి జనం గుట్టుల గురువు అంటారు. పేరు రావాలంటే కంపెనీ వాళ్ళకు ఒక మనిషిని బలిగా అప్పజెప్పాలట. పోస్టరులో పిచుక ఒక కన్ను మూసింది అందుకు గుర్తుగానేనట. (కంట్లో నలక పడింది. నేనే ఊదాను.) ఇవన్నీ నవ్వుకుని వదిలేశాం. కానీ పోయినవారం గురువుగారు ఒక కొత్త సంగతి బయటపెట్టాడు. రెండో చరణంలో పిచుక 'రావా' అని సాగదీస్తూ ఉండగానే, దాని వెనక ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. "ఒక గొంతు పాడుతూనే గాలి పీల్చగలదా? లేదు కదా! అయితే ఆ ఊపిరి ఎవరిది? మాయమైన పెద్దావిడది కాదా?" అన్నాడు.

మర్నాటికి మా గోడమీద ఎర్రరంగుతో రాసి ఉంది: 'ఎవరి ఊపిరి?'

ఇంతవరకూ పిచుక టీవీల్లో పాటకు పెదవులు కదిపింది, అంతే. రేపు సాయంత్రం మాత్రం వేలమంది ముందు నిజంగా పాడాలి. అందుకోసం సాధన మొదలుపెడితే, 'రావా' దాటి పై స్థాయిలో ఉన్న తర్వాతి లైను ఎత్తుకునేచోట ప్రతిసారీ గాలి అందక గొంతు బిగుసుకుపోతోంది. నిన్న ఆ చోటే కూలబడింది. నా చొక్కా పట్టుకుని, "తాతా, ఆ ఊపిరి నాది కాదు. నాకూ వినిపిస్తోంది" అంది.

పోయినవారం కథ అక్కడ ఆపాం.

పొద్దున్నే పిచుకను వెంటబెట్టుకుని స్టూడియోకి బయల్దేరాను. పాట పుట్టినచోటే అడగాలి కదా. కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా శాలువా చుట్టుకుని అద్దె కారులో ఒక మూలకి ఒదిగి కూర్చుంది. డ్రైవరు హుషారైన మనిషి. కారు కదలగానే పాట పెట్టాడు. ఏ పాటో చెప్పాలా?

రెండో చరణం దగ్గరపడేసరికి చెయ్యి పైకెత్తి, "ఉండండి సార్, ఇక్కడ వినండి" అని సౌండు పెంచాడు. పిచుక నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"విన్నారా? ఒళ్ళు జలదరించలేదూ? మా ఆవిడైతే ఈ పాట ఇంట్లో పెట్టనివ్వట్లేదు. ఇది మోగినప్పుడల్లా పక్కనున్నవాళ్ళ ఊపిరి తగ్గుతుందంట."

"మీ ఆవిడ గురక పెడుతుందా?" అన్నాను.

"పెడుతుంది సార్."

"అయితే రోజూ పెట్టుకో ఈ పాట. నీకే మంచిది."

అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. మంచివాడే. ఆ మంచివాడే నవ్వు ఆపకుండా అన్నాడు: "రేపు నేను కూడా వెళ్తున్నా సభకి. మా స్టాండులో అందరం వెళ్తున్నాం. ఆ పిల్ల ఆ చోట పాడుతుందో లేదో చూద్దామని."

"పాడకపోతే?"

"పాడకపోతే దొరికిపోయినట్టే కదా సార్. ఊపిరి తనదైతే పాడాలిగా! జనం ఊరుకుంటారా?"

శాలువాలోంచి చిన్న దగ్గు వినిపించింది. డ్రైవరు, "అమ్మాయికి ఒంట్లో బాలేదా?" అని ఆప్యాయంగా కిటికీ అద్దం ఎత్తాడు.

స్టూడియో ఒక పాత మేడ కింద, నేలమాళిగలో ఉంది. తలుపు ఐసు గదుల తలుపులా బరువు. అది మూసుకుంటే బయటి లోకం నోరు ఎవరో చేత్తో మూసినట్టు ఉంటుంది. గోడలకు బూడిదరంగు దళసరి స్పాంజి, చల్లటి గాలి, ఎప్పుడో తాగి వదిలేసిన టీ కప్పులు. మధ్యలో మంచమంత బల్ల, దానినిండా పైకీ కిందకీ జరిపే మీటలు. వాటి ముందు ఉన్ని దుప్పటి కప్పుకుని కూర్చున్న మనిషే పాటలు అతికి, నునుపు చేసి, బయటికి పంపేవాడు. ట్రాక్ పాడేవాళ్ళంతా ఆయన్ని అన్నా అంటారు. నేను మీటలాయన అంటాను.

పిచుక శాలువా తీయగానే ఆయన ముఖంలో రంగు మారింది. లేచి తలుపుకు గడియ పెట్టాడు.

"నువ్వెందుకొచ్చావమ్మా ఇక్కడికి? రేపు సభ పెట్టుకుని..."

"పాట విప్పు అన్నా."

"ఏ పాట?"

"నాకు ఎన్ని పాటలున్నాయన్నా? ఒక్కటేగా!"

మీటలాయన కంప్యూటరు బాగాలేదన్నాడు. అది ఆయన వెనకాలే చక్కగా వెలుగుతోంది. తర్వాత, ఆ పాట ముట్టుకోవద్దని నల్లద్దాలాయన గట్టిగా చెప్పాడన్నాడు.

"అన్నా, ఒక్కమాట అడుగుతాను" అంది పిచుక. గొంతు వణకడం లేదు, అందుకే నాకు భయమేసింది. "ఆ పెద్దావిడకి ఏమైందో నీకు తెలుసా? నా పాట కోసం ఆవిణ్ణి ఏమైనా చేశారా? చేసి ఉంటే చెప్పెయ్. రేపు నేను స్టేజీ ఎక్కను."

"ఛ ఛ! నువ్వు కూడా నమ్ముతున్నావా ఆ చెత్తంతా?"

"నేను నమ్మడం కాదన్నా. ఆ చోటుకి రాగానే ఎవరో నా గొంతులో చెయ్యి పెట్టి గాలి లాగేస్తున్నట్టు ఉంటోంది. రోజూ. చెయ్యి పెట్టేది ఎవరు?"

మీటలాయన నావైపు చూశాడు. పెద్దవాణ్ణి కదా, పిల్లకి సర్దిచెప్తానని ఆశ. నేను ఒక టీ కప్పు జరిపి ఆయన పక్క స్టూలుమీద స్థిరంగా కూర్చున్నాను. ఇక చేసేది లేక బల్లవైపు తిరిగాడు.

రెండో చరణం మొదలైంది. ఆయన ఒక మీట దించాడు, తాళవాద్యాలు పోయాయి. ఇంకోటి దించాడు, వయొలిన్లు పోయాయి. వేణువు పోయింది, వెనకాల గుంపుగా పాడేవాళ్ళు పోయారు. ఊరంతా ఒళ్ళు మరిచి ఊగే పాట చివరికి ఒక్క ఆడపిల్ల గొంతై మిగిలింది. తల దువ్వుకోకుండా వీధిలోకి వచ్చినట్టు ఉంది ఆ గొంతు. 'రావా' అని సాగింది. సాగుతూ సన్నబడుతోంది. ఇంకా తెగలేదు. ఆ సన్నటి కొస మీదే, స్పష్టంగా, దగ్గరగా, మన చెంప పక్కనే ఎవరో నిలబడి పీల్చినట్టు, ఒక ఊపిరి.

పిచుక రెండు చేతులతో నోరు మూసుకుంది.

నేను చెయ్యెత్తాను. "ఇంకోసారి వెయ్యి నాయనా." వేశాడు. కళ్ళు మూసుకుని విన్నాను. మూడోసారి కూడా విని తేల్చేశాను. "ఇది మగమనిషి ఊపిరి. యాభై దాటాయి. పొగ తాగే అలవాటుంది. ముక్కు ఎడమవైపు కాస్త వంకర. పిచుకా, నువ్వు భయపడకు, ఇది ఆ పెద్దావిడది కానే కాదు."

మీటలాయన తల దించుకున్నాడు. "తాతగారూ, అది మీ పెద్దమనవరాలు."

ఇందాక నా చెవుల గురించి ఏదో అన్నాను కదా, దాన్ని మీరు చదవనట్టూ నేను రాయనట్టూ అనుకుందాం. మా ఇంట్లో పుట్టి, నా పక్కన పెరిగి, ఇన్నేళ్ళుగా మా హాల్లో పాడుకుంటున్న పిల్ల ఊపిరికి మీసాలు తగిలించాను. ఆ గడ్డాల కచేరీలో కూడా నేను సగంలోనే నిద్రపోయాను లెండి, నిద్రలేచేసరికి గడ్డం మాసింది నాకే.

కానీ అప్పుడు నవ్వు రాలేదు.

"అక్కా?" అంది పిచుక. ఎదురుగా ఉన్న మనిషిని పిలిచినట్టు అంది.

మీటలాయన ఇక ఆపుకోలేదు. తెంపులేకుండా చెప్పేశాడు. పాట ఎవరూ మొదలుపెట్టి చివరిదాకా ఒక్క ఊపున పాడరు. ముక్కలుగా పాడతారు, ఆయన అతుకుతాడు. ఆ రోజు పిచుకకు జ్వరం. 'రావా' బాగానే వచ్చింది, దాని తర్వాతి పై లైను మాత్రం ఎన్నిసార్లు పాడినా గొంతు చిట్లింది.

"మరి నువ్వు బాగుందన్నావుగా అన్నా? ఇక చాలు వెళ్ళు అన్నావు!"

"నువ్వు నిలబడలేకపోతున్నావమ్మా. ఇంటికి పంపడానికి అన్నాను. నల్లద్దాలాయనేమో పొద్దున్నకల్లా పాట కావాలన్నాడు. మీ అక్క అంతకుముందు పాడిన ట్రాక్ నా దగ్గరుంది. ఆ ఒక్క లైనూ అందులోంచి తీసి అతికాను. ఇద్దరివీ ఒకే గొంతుగా, తేడా తెలీలేదు."

"ఊపిరో?"

"మామూలుగా ఊపిర్లు కత్తిరించేస్తాను. ఇది కత్తిరిస్తే ఆ లైను శవంలా పడుకుంది. ఉంచితే లేచి కూర్చుంది. కొంచెం ముందుకి జరిపాను. నీ 'రావా' చివర మీదికి దాని ఊపిరి ఎక్కింది. నువ్వు పాడటం ఆపకముందే అది పీల్చేసి పై లైను ఎత్తుకుంది." ఆయన నుదురు రుద్దుకున్నాడు. "అందుకే నీకు అక్కడ గాలి అందట్లేదమ్మా. అక్కడ గాలి పీల్చుకునే చోటే లేదు. ఆ పాట ఒక్క మనిషి పాడేది కాదు. నువ్వే కాదు, ఏ గొంతూ పాడలేదు."

పిచుక నేలమీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ దాని మెడ మీద కూర్చున్న దెయ్యం దిగిపోయి, స్పాంజి గోడకు ఆనుకుని అక్క అయింది. కాసేపు ఏడ్చిందో నవ్విందో నాకే తెలియలేదు. నా చెవుల సంగతి మీకు తెలిసిందే కదా.

తర్వాత తలెత్తి అడిగింది. "అక్కకి తెలుసా?"

మీటలాయన ఒక మీటను ఊరికే పైకీ కిందకీ జరిపాడు.

"అన్నా, నిన్నే."

"నువ్వు కూర్చున్నచోటే కూర్చుని విన్నదమ్మా. ఊపిరి తీసెయ్యనా అని నేనే అడిగాను. వద్దంది."

"ఏమని?"

"'పాట దానిది. ఆ గాలైనా నాది ఉండనీ అన్నా' అంది."

 

"గోడమీద రాత ఎవరు తుడిచారు తాతా?" అంది పిచుక, చాలా నెమ్మదిగా.

"మీ అక్కే. మీ అమ్మ బక్కెట్టు పట్టుకుంది."

"నేనెవరినైనా చంపానా అక్కా అని అడిగాను. నా వీపు నిమురుతూ, ఏం లేదులే, పడుకో అంది. తెలిసే అంది."

"నీ మంచికే అనుకుని ఉంటుందే! బయటికి చెప్తే నీ పాట పోతుందని..."

"పాట పోతుందని ఊరుకుందా? ఎలా పోతుందో చూద్దామని ఊరుకుందా?"

"అదేం మాటే? మీ అక్క!"

"అక్కే తాతా. అందుకే అడుగుతున్నా."

 నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక కోత సిద్ధంగా ఉంటుంది, అప్పుడు మాత్రం లేదు.

పిచుకే లేచింది. ముక్కు తుడుచుకుని, "అన్నా, అక్క లైను ఒక్కటే ఉంచు. 'రావా' నేను పాడతాను" అంది. ఆయన మీటలు జరిపాడు. పిచుక కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. 'రావా' సాగింది, సన్నబడింది, స్పీకర్లోంచి అక్క ఊపిరి పీల్చి పై లైను అందుకుంది. పిచుక అక్కడ వదిలేసి, హాయిగా, తొందర లేకుండా గాలి పీల్చుకుంది. ఆ తర్వాతి లైను మళ్ళీ అందుకుని చరణం పూర్తిచేసింది. రోజుల తరబడి బిగుసుకున్న గొంతు, బట్ట ఆరేసినట్టు విచ్చుకుంది.

"రేపు అక్క నా పక్కన నిలబడుతుంది" అంది. "పాడే ముందు నేనే చెప్తాను, ఆ ఊపిరి మా అక్కదని. నమ్మనివాళ్ళు ముందు వరుసలో కూర్చుని చూసుకుంటారు."

"నల్లద్దాలాయన ఒప్పుకోడమ్మా" అన్నాడు మీటలాయన. "ఆయనకు మొదట్నుంచీ తెలుసు. మొదట్లో కంగారుపడ్డాడు. జనం ఆ ఊపిరి వినడానికే పాట మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటున్నారని తెలిశాక, నోరెత్తొద్దన్నాడు. రేపటి పోస్టరు చూశావా? ఆ పుకారు ఇంకా రగలాలని నీ మెడ చుట్టూ ఎర్రగీత గీయించాడు."

ఇన్నాళ్ళూ మేడమీద మూసిన గదులనీ, గొంతులు దాచే సీసాలనీ జనం ఎంత గొప్ప కుట్ర కట్టారు! చివరికి చూస్తే ఒక జ్వరం, ఒక అతుకు, నోరు మెదపని నల్లద్దాలు. నేను కట్టి ఉంటే ఇంతకంటే బాగా కట్టేవాణ్ణి.

"ఆయన ఒప్పుకునేదేంటి? అక్క ఒప్పుకుంటే చాలు" అని పిచుక ఫోను తీసింది. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఇంటికి చేస్తే మా అమ్మాయి ఎత్తి, "అదేంటే, అక్క మీ వెనకాలే బయల్దేరిందిగా! నీ దగ్గరికే అనుకున్నాను" అంది.

"నా దగ్గరికి రాలేదమ్మా."

"మంచి చీర కట్టుకుని వెళ్ళింది. ఎక్కడికి వెళ్ళినట్టు?"

అప్పుడే మీటలాయన జేబులో ఫోను టింగుమంది. తీసి చూసి, గబుక్కున బోర్లించాడు. పిచుక లాక్కుంది. గుట్టుల గురువు కొత్తగా పెట్టిన ప్రకటన అది. 'ఊపిరి సొంతదారు దొరికింది. ఈ సాయంత్రం మీ ముందుకు. అసలు నిజం ఆమె నోటితోనే.' కింద ఒక ఫొటో. కుర్చీలో ఒక ఆడమనిషి. ముఖం నీడలో ఉంది, ఆనవాలు తెలియడం లేదు. ఒడిలో రెండు చేతులు మాత్రం కనిపిస్తున్నాయి, తాళం వేస్తున్నట్టు ఒక వేలు కొంచెం పైకి లేచి ఉంది. పిచుక ఆ వేలివైపే చూస్తూ, "రేపటిదాకా కూడా ఆగలేదా తాతా" అంది.

ఒక్క ముక్క ఒప్పుకుని ఆపుతాను. ఫొటోలో ఆ నీడ కథకోసం నేను వేసింది. ఆ వేలు కూడా నేనే పైకి లేపాను. నిజానికి దీపం నేరుగా ముఖం మీదే ఉంది. మా పెద్దది జడ వేసుకుని, మంచి చీర కట్టుకుని, గురువు పక్కనే కూర్చుంది. నవ్వుతోంది. అంత తేలిగ్గా ఊపిరి తీసుకుంటున్నట్టు దాన్ని నేను ఈ మధ్య ఏ రోజూ చూడలేదు.